పూత బేరం

తొర్రలో పైవరసలోనే వేరుశనగలున్నాయనీ, కింద అన్నీ డొల్లలేననీ ఉడుత సింగారి ఎవరికీ చెప్పలేదు. మూడేళ్లుగా అది కోతిమామ దగ్గర మామిడి పూత కొంటోంది. ముందే గింజలిచ్చి కొమ్మ పట్టుకుంటే, కాసిన కాయలన్నీ తనవే. మొదటి ఏడు బాగా కలిసొస్తే అడవంతా చాటుకుంది. ఆ తర్వాత రెండేళ్లూ ఎండ కాస్తే ఎగబడి కొనడం, మంచు పట్టగానే బెదిరిపోయి సగానికే అమ్మేయడం.

"ఇంకొక్క కొమ్మ పట్టమ్మాయ్, పోయిందంతా తిరిగొచ్చేస్తుంది," అన్నాడు మామ.

"మిగిలినవి అక్క వానాకాలానికి దాచమన్న గింజలు మామా."

"అక్కకి తెలిస్తేగా!"

ఇన్నాళ్లూ తనకు తాను చెప్పుకున్న మాటే అది. ఇంకొకరి నోట వినేసరికి సింగారికి సిగ్గేసింది. పక్క చెట్టు మీద అక్క ఎండలో తోక ఆరబెట్టుకుంటోంది.

తిడితే తిట్టనీ అనుకుని, "ఉండు మామా, ముందు అక్కని పిలవాలి," అంటూ కొమ్మ చివరికి పరుగెత్తింది.