నర్సు వెంట వచ్చిన మనిషి

కుర్చీ చూపించినా కూర్చోకుండా, నర్సు వెంట వచ్చిన మనిషి ఇల్లంతా కలియజూశాడు.

కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే అక్క అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈయనెవరు?"

"మా జట్టులో మనిషేనండి" అంది నర్సు. "చెప్పాను కదా, బుద్ధి ఎదగనివాళ్లకి ఆస్పత్రుల్లో వైద్యం ఎలా అందుతోందో మా నర్సింగు కాలేజీ తరఫున పరిశోధన చేస్తున్నాం."

"ఏం చేస్తుంటారండీ మీరు?" అక్క సూటిగా అతన్నే అడిగింది.

అతను నేలచూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

అక్క మనసులో అనుమానం పడింది. వెనక వీధిలో బుద్ధి ఎదగని పిల్ల ఉన్న ఇంటికీ ఇలాగే ఎవరో తియ్యగా మాట్లాడుతూ వచ్చారు. చివరికి ఆ పిల్లని తీసుకెళ్లి ఏదో ఆశ్రమంలో పడేశారు.

తమ్ముడికి ముప్పై ఏళ్లొచ్చినా మాటలు రాలేదు. అమ్మ పోయాక వాడికి అమ్మైనా, అక్కైనా తనే. వాణ్ణి ఎవరి చేతుల్లోనూ పెట్టే ప్రసక్తే లేదు.

తమ్ముడు గోడవారగా కూర్చుని అరచేత్తో చెంప మీద కొట్టుకుంటున్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా?" నర్సు అడిగింది.

"నెల్లాళ్లయి ఉంటుంది. తిండి కూడా సయించట్లేదు. డాక్టరుకి చూపిస్తే, ఇలాంటివాళ్లు ఇంతేనమ్మా అని నిద్రమాత్రలు రాశాడు."

మాట నర్సుతోనే గానీ, అక్క చూపంతా ఆ మనిషి మీదే ఉంది.

అతను మెల్లిగా వెళ్లి తమ్ముడి పక్కన చతికిలబడ్డాడు. తను నోరు తెరిచాడు. తమ్ముడూ తెరిచాడు.

మరుక్షణం అతని వేలు తమ్ముడి నోట్లో ఉంది. తమ్ముడు కెవ్వుమన్నాడు.

అక్క ఒక్క ఉదుటున లేచింది.

"ఏం పెట్టావు వాడి నోట్లో? చెయ్యి చూపించు."

అతను చెయ్యి చాపాడు. ఖాళీగా ఉంది.

"ప... పన్ను" అన్నాడు.

"పన్నూ లేదు, గిన్నూ లేదు. బయటికి నడువు."

"ఒక్క మాట వినండక్కా, ఆయన..."

"మీరూ వెళ్లండమ్మా. మీ పరిశోధనకో దణ్ణం."

తలుపేసి గడియ పెట్టి, కిటికీలోంచి చూసింది. అతను రోడ్డు మధ్యలో రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాడు.

'ఎంత నటన' అనుకుంది.

వారం తిరక్కుండానే తమ్ముడి చెంప బంతిలా ఉబ్బింది. ఒళ్లు కాలిపోతోంది. పళ్ల డాక్టరు లోపలి దవడ పన్ను పీకేస్తే కిందంతా చీము పట్టి ఉంది.

"ఎముక దాకా పాకింది. కాస్త ముందు తీసుకొస్తే పన్నుతో పోయేది" అన్నాడాయన.

చాలా రోజులు ఆస్పత్రిలోనే గడిచిపోయాయి. తమ్ముడు మళ్లీ కడుపునిండా తిన్న రోజు, అక్క కాలేజీ వెతుక్కుంటూ వెళ్లింది.

"ఆయన లేరా? కాళ్లు పట్టుకుని క్షమించమని అడుగుదామని వచ్చాను."

"ఇక రారండి" అంది నర్సు. "ఇళ్లకి వెళ్లాలంటే భయంగా ఉందని మానేశారు. మా పరిశోధనలో ఎవర్ని ఏం అడగాలో చెప్పేది ఆయనే. ఇప్పుడు మాకూ దిక్కు తోచట్లేదు."

అక్క తల దించుకుంది.

"పళ్ల డాక్టరుగారని ఆ రోజే చెబితే నోరు పారేసుకునేదాన్ని కాదు కదమ్మా."

"డాక్టరు కాదండి. చిన్నప్పుడు ఆయన పంటినొప్పికీ నిద్రమాత్రలే వేశారట. అందుకే చూడగానే పోల్చుకున్నారు."

"మరి ఆ ముక్కైనా చెప్పలేదేం?"

"తన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. తెలిస్తే తనతో మాట్లాడ్డం మానేసి, అన్నీ నన్నే అడుగుతారట."

"ఏ సంగతి?"

నర్సు చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఆయన కూడా మీ తమ్ముడి లాంటివారేనని."