తోకచుక్కకు అడ్డొచ్చిన దీపం

నయాపూల్ స్టూడియో అతను ముప్పై ఆరు ఫొటోలనూ బల్ల మీద పేకముక్కల్లా పరిచి పెదవి విరిచాడు.

"రీల్ ఖరాబ్ అయింది సాబ్. అన్నీ పసుపే. ఒక్క మనిషి లేడు."

మనిషిని తీయలేదనీ, తోకచుక్కను తీశాననీ పరబ్రహ్మం చెప్పాడు. స్టూడియో అతను జాలిగా చూసి ఫొటోలు కవర్లో పెట్టి ఇచ్చాడు.

పరబ్రహ్మం కాకినాడ నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డ ప్రభుత్వోద్యోగి. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఫైలు మందం చూసి అది ఎన్నాళ్ళకు కదులుతుందో చెప్పగలడు. ఆకాశం జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. తొంభై ఏడు మార్చిలో ఒక సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ వాయవ్యం మూల తోకచుక్కను చూశాడు. ఇన్నేళ్ళూ తల వంచుకుని బతికిన మనిషికి, తలెత్తితే ఇంత ఉందా అనిపించింది. అది మళ్ళీ రెండు వేల ఏళ్ళకు గానీ రాదని పేపర్లో చదివి, అప్పటిదాకా ఆగలేక, పాత కెమెరా ఒకటి కొన్నాడు.

లైబ్రరీ పుస్తకంలో అంతా తేలికే అని ఉంది. దుర్బిణి అక్కర్లేదు. మామూలు కెమెరా, మామూలు లెన్సు చాలు; ఆకాశం పెద్ద ముక్కే పడుతుంది. కెమెరా కదలకూడదు. లెన్సు బార్లా తెరవాలి. మీట 'బి' దగ్గర పెట్టి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా షట్టర్ తీగ నొక్కి పట్టుకోవాలి. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. దగ్గర్లో దీపాలు ఉండకూడదు.

పరబ్రహ్మం డాబాకు సరిగ్గా వాయవ్యాన పద్నాలుగో నంబరు స్తంభం ఉంది. దాని మీద పసుప్పచ్చటి సోడియం దీపం. ఇంట్లో కరెంటు పోయినా అది మాత్రం మూడేళ్ళలో ఒక్క రోజు ఆరిన పాపాన పోలేదు.

చీకటి కోసం ఒకరోజు స్కూటరు మీద ఊరవతల జల్‌పల్లి వెళ్ళాడు. అక్కడ చీకటి బాగానే ఉంది. కుక్కలు కూడా బాగానే ఉన్నాయి. కెమెరా స్టాండు మూడు కాళ్ళలో ఒకటి అక్కడే వదిలేసి ఇల్లు చేరాడు. అప్పట్నుంచి భార్య సీతారావమ్మ పెసల సంచే స్టాండు అయింది. పిట్టగోడ మీద సంచి, సంచి మీద కెమెరా. ఈయన పిచ్చి వల్ల ఇంట్లో పెసరట్లు బందయ్యాయని ఆవిడ బెంగ.

ఉగాది ముందరి అమావాస్య వారంలోకి వచ్చేసింది. అది దాటితే వెన్నెల. వెన్నెల దాటితే తోకచుక్కే ఉండదు. పరబ్రహ్మానికి అన్నం సయించడం మానేసింది.

కరెంటాఫీసుకు వెళ్ళి, ఒక్క సాయంత్రం, ఒక్క గంట ఆ దీపం ఆర్పమని బతిమాలాడు. ఇంజనీరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. తమ పని దీపాలు వెలిగించడమే గానీ ఆర్పడం కాదనీ, ఆర్పడానికి రూలు లేదనీ, కావాలంటే పైకి రాస్తాననీ అన్నాడు. పైనుంచి జవాబొచ్చేలోగా తోకచుక్కే రెండోసారి వస్తుందని పరబ్రహ్మానికి తెలుసు.

ఇక మిగిలింది ఎదురింటి రామ్‌చందర్. ఆరు బర్రెలతో పాల వ్యాపారం ఆయనది. స్తంభం ఆయన గోడకు ఆనుకునే ఉంది. గోడెక్కి ఒక్క గంట దీపానికి గోనెసంచి కడతానన్నాడు పరబ్రహ్మం. రామ్‌చందర్ ససేమిరా అన్నాడు. పోయినేడు కొట్టంలో బల్బు మసగ్గా ఉందని అర్జీ పెట్టుకుని, కరెంటువాళ్ళు వచ్చి వెళ్ళాక పదిహేను రోజులు లాంతరు పెట్టుకుని పాలు పిండిన మనిషి ఆయన.

"చీకటంటేనే నాకు దడ సారూ. చుక్కలకేం ఫికర్, అవి మీద ఉంటయ్. నా బర్రెలు కింద ఉన్నయ్."

పరబ్రహ్మం ఇంటికొచ్చి, తెల్ల కాగితం తీసి, కింద కార్బన్ పెట్టి, రెండు లైన్లు రాశాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్తూ దాన్ని కరెంటాఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాడు. ఆ రాత్రి మారు అన్నం వడ్డించుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం లైన్‌మన్ బీరయ్య నిచ్చెనతో వచ్చి స్తంభం ఎక్కాడు. ఆ సాయంత్రం పద్నాలుగో స్తంభం దీపం వెలగలేదు. పదమూడు, పదిహేను కూడా వెలగలేదు. అటు పాలకొట్టం, ఇటు కిరాణా కొట్టు, మధ్యలో మసీదు సందు, అంతా చీకటి.

ఏడున్నరకు పరబ్రహ్మం పెసల సంచి సర్ది, తీగ నొక్కి, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కింద వీధి వీధంతా కరెంటాఫీసును తిడుతోంది. పైన తోకచుక్క తోకంతా పరుచుకుని నిలబడి ఉంది. పన్నెండు దగ్గర ఆయన తలెత్తి చూశాడు. మిగతా ఎనిమిదీ మనసులోనే లెక్కపెట్టుకున్నాడు.

ఈసారి ఫొటోలు చూసి స్టూడియో అతను ఒకటి పెద్దది చేసి అద్దాల బీరువాలో పెట్టుకుంటానన్నాడు.

బీరయ్య వచ్చి వెళ్ళిన పదో రోజు రాత్రి కూడా వీధిలో దీపం లేదు. రామ్‌చందర్ లాంతరు పట్టుకుని పరబ్రహ్మం గుమ్మంలో నిలబడ్డాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో.

"గంట ఆర్పనీకే రూలు లేదన్నరంటిరి. పది దినాలాయె. ఏ మంత్రిని పట్టిన్రు సారూ?"

ఎవర్నీ పట్టలేదనీ, ఉత్త కాగితం ఇచ్చాననీ పరబ్రహ్మం అన్నాడు.

"గంత పవరున్న కాగితంల ఏం రాసిన్రు?"

పరబ్రహ్మం లోపలికి వెళ్ళి కార్బన్ కాపీ తెచ్చి ఇచ్చాడు. రామ్‌చందర్ లాంతరు వత్తి పెంచి, కాగితం దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు.

"అయ్యా, మా వీధిలో పద్నాలుగో స్తంభం దీపం కొంచెం మసగ్గా వెలుగుతున్నది గనుక, తమ సిబ్బందిని పంపి బాగుచేయించ ప్రార్థన."