తలుపు సందులో అరుపు

“ఆ అరుపు నాది. మీ పాటలోంచి పీకి పారెయ్!”

తలుపు తోసుకొచ్చిన, సినిమాలకి డబ్బింగ్ చెప్పే ఆవిడని చూసి పంక్ బ్యాండ్ గాయకుడికి ఒళ్ళు మండింది.

“మా పాటలన్నీ దెయ్యాల సినిమాల్లోంచి పుట్టినవే. సినిమాలోంచి తీసుకున్న ఒక్క ఉత్తుత్తి అరుపుకి ఇంత గోలేంటండీ?”

“ఉత్తుత్తిదా? ఎన్నిసార్లు అరిచినా డైరెక్టరుకి నచ్చలేదు. చివరికి నా వేళ్ళు తలుపు సందులో పెట్టి నొక్కేశాడు. ఆ టేకే సినిమాలో ఉంచాడు.”

ఆవిడ చెయ్యి చాపింది. రెండు వేళ్ళు వంకరగా ఉన్నాయి.

ప్రతి షోలోనూ సరిగ్గా ఆ అరుపు దగ్గరే గాయకుడు గంతులేసేవాడు. ఇప్పుడు తల దించుకుని మైకు తెచ్చాడు.

“పాత అరుపు తీసేస్తాం. దాని చోట ఈసారి ఆ డైరెక్టర్ని మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి.”

“నువ్వు ముందు పక్కకి తప్పుకో,” అంటూ ఆవిడ వంకర వేళ్ళతోనే మైకు లాక్కుంది.