ఒకటి నొక్కి, ఒకటి వదిలి

"ఎంత వచ్చిందిరా?" అని అక్క అడిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది.

తమ్ముడు వీధి మొదట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వచ్చేపోయే బళ్లను లెక్కపెడుతున్నాడు. తల తిప్పకుండానే కుడి అరచెయ్యి తెరిచి చూపించాడు. అందులో ఒకసారి నొక్కితే ఒక అంకె పెరిగే చిన్న మిషను ఉంది. ఏడువేల నాలుగు.

"సాయంత్రం ఆరింటికి పదివేలు దాటుతుందా?"

"దాటుతుంది."

దాటితే ఏమవుతుందో ఆవిడకీ తెలుసు. పదివేల బళ్లు దాటిన వీధిని వెడల్పు చేస్తారు. వారం తిరక్కుండా గోడల మీద ఎర్రగీత పడుతుంది, ఆ పై వారానికి గోడలే ఉండవు. చుట్టుపక్కల అలా పోయిన నాలుగు వీధుల్నీ లెక్కపెట్టింది తమ్ముడే. ఆఫీసులో అతన్ని లెక్కలాయన అంటారు. పద్దెనిమిదేళ్లలో ఒక్క బండి ఎక్కువ రాయలేదు, ఒక్క బండి తక్కువ రాయలేదు. కొత్తలో ఇళ్లు పోతుంటే మనసు చివుక్కుమనేది. తర్వాత మనసు ఆ పని కూడా మానేసింది. ఇప్పుడు ఎవరి గోడ కూలినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, మర్నాడు పక్క వీధికి కుర్చీ మార్చుకుంటాడు.

ఈసారి కుర్చీ అక్క ఇంటి ఎదుటే పడింది. ఆవిడది కుట్టుపని. వీధిలోకి ఉన్న పదడుగుల ముందు గదిలోనే కుట్టుమిషను, నిలువుటద్దం, కొలతలు తీసే చోటు. అది పోతే మిగిలేది వంటిల్లూ, ఓ మంచం పట్టే జాగానూ. పొయ్యి దగ్గర ఎవరూ జాకెట్టు కొలతలు ఇవ్వరు కదా.

అదంతా ఆవిడ నిన్ననే చెప్పింది. మళ్లీ చెప్పలేదు. మెల్లగా ఒక్కమాటే అంది.

"నీ బొటనవేలు కాస్త బద్ధకిస్తే ఎవరి కొంప మునుగుతుందిరా?"

"లెక్క లెక్కేనక్కా."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్లి కిటికీ పక్కన మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. సగం కుట్టిన చొక్కా ఒకటి సూది కింద అలాగే ఉంది. పొద్దుటినుంచీ ఆ ఇంట్లో మిషను చప్పుడు లేదు. లెక్కలాయన అటు చూశాడు. తోడబుట్టిన మనిషి అలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తనకేమైనా అనిపిస్తుందేమోనని కాసేపు కనిపెట్టుకుని ఉన్నాడు. ఏమీ అనిపించలేదు. అలా అనిపించనందుకు మాత్రం భయం వేసింది.

ఎర్రకారు ఒకటి పోయింది, నొక్కాడు. దాని వెనక పాలవ్యాను పోయింది, నొక్కలేదు. మిన్ను విరిగి మీద పడలేదు. అక్కడినుంచి ఒకటి నొక్కి, ఒకటి వదిలేస్తూ పోయాడు.

చేతిలో ఉన్న ఆఫీసు లెక్కమిషను అప్పుడప్పుడు మొరాయిస్తుంది. అందుకని ఎడమ జేబులో తన సొంత పాతమిషను ఒకటి ఉంచుకుని, ఆ చేత్తోనూ నొక్కడం అతనికి అలవాటు. కుడి బొటనవేలు చెప్పిన మాట విన్నది. ఎడమది వినలేదు, జేబులో దాని పాటికది నొక్కుకుంటూ పోయింది. ఆరయ్యేసరికి చేతిలో తొమ్మిదివేల ఏడువందల ఆరు ఉంది, జేబులో పన్నెండువేల నాలుగువందల ఎనిమిది. చేతిలోది కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

ఆ కాగితం తీసుకోవాల్సిన రోడ్ల ఇంజనీరు అరగంట ఆలస్యంగా వచ్చాడు. కిందటేడు తానే వెడల్పు చేయించిన పెద్దరోడ్డు మీద జీపు కదలక, దాన్ని అక్కడే వదిలేసి చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివి వీధికేసి చూశాడు.

"నిజమేనటయ్యా? ఇక్కడ ఇసుక వేస్తే రాలేట్టు లేదే."

"ఈ వేళకి అలాగే ఉంటుంది సార్. మధ్యాహ్నమంతా ఖాళీయే."

పద్దెనిమిదేళ్లలో అది మొదటి అబద్ధం. నాలుక తడబడనైనా లేదు.

"అనుమానంగా ఉంటే చెప్పు, రేపు ఇంకోసారి లెక్క పెడదాం."

"అక్కర్లేదు సార్."

"నువ్వు చెప్పాక ఇంకేముంది. నీ లెక్క మీద నాకు మళ్లీ లెక్కెందుకు?" అంటూ ఇంజనీరు తన సంతకం కూడా పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫోను తీసి ఎవరికో చేశాడు.

కిటికీలోంచి అక్క కళ్లెగరేసి, ఏమైందన్నట్టు అడిగింది. తమ్ముడు అయిపోయిందన్నట్టు తలూపాడు. ఆవిడ పైటతో మొహం తుడుచుకుని మిషను మీద కాలు వేసింది. ఆ టకటక చప్పుడు రద్దీలోంచి సన్నగా వినిపిస్తుంటే ఎన్నాళ్లకో లెక్కలాయన గుండెలో ఏదో కదిలింది. సంతోషమే అయ్యుంటుందనుకున్నాడు.

పక్కన ఇంజనీరు ఫోనులో పైఅధికారితో చెబుతున్నాడు. "అవును సార్, పొద్దున మీరిచ్చిన కొత్త ఆర్డరు ప్రకారమే. వెడల్పు చేసిన రోడ్లన్నీ ఆర్నెల్లకే నిండిపోతున్నాయి కనుక, పదివేలు దాటిన వీధుల జోలికి ఇకమీదట పోవద్దన్నారు కదా. వాటిని వదిలేశాను."

జేబులో ఎడమ బొటనవేలు ఆగిపోయింది.

"ఊరు మొత్తానికి పదివేలకి తక్కువున్న వీధి ఇదొక్కటే దొరికింది సార్. పెద్దరోడ్డు లారీలన్నీ ఇటు మళ్లిద్దాం, రేపు పొద్దున్నే రెండు పక్కలా గోడల మీద ఎర్రగీత గీయిస్తాను."