తెలుగులో వచ్చిన చీటీ

"ఇదేంటి, తెలుగులో రాశారు?"

హాసిని చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

కాలేజీలో ఆరోగ్య వర్క్‌షాప్ మొదలవడానికి ఇంకా పది నిమిషాలుంది. డాక్టరు గారిని అడగాల్సినవి పేరు లేకుండా రాసి పెట్టెలో వెయ్యమన్నారు. వాటిని ఏరి వేదిక మీదికి పంపే పని హాసినిది.

"యార్, నువ్వు తెలుగేగా? చదువు," అన్నాడు క్లాస్‌మేట్ దీపు.

హాసిని పుట్టిందీ పెరిగిందీ మయూర్ విహార్‌లో. ఇంట్లో తెలుగు వింటుంది, సగం హిందీలో జవాబిస్తుంది. అక్షరాలు మాత్రం రావు. రావని చెప్పడానికి నామోషీ.

"ఏదో టైమ్‌పాస్ ప్రశ్నలే. ఛోడో."

ఉండ చుట్టి బుట్టలో పడేసింది.

"దీదీ, బుట్ట నిండింది. లే జాఓ," అంది, ఊడుస్తున్న మనిషితో. తల కూడా ఎత్తలేదు.

డాక్టరు గారు గంటన్నర మాట్లాడారు. బాదం పప్పు నానబెట్టి తినమన్నారు. రోజుకి పదివేల అడుగులు వెయ్యమన్నారు. వింటున్న పిల్లల్లో సగం మంది పొద్దున్న టిఫినే తినలేదు. ఎవడిక్కావాలి? బ్యానర్, ఫొటో, సమోసా, సర్టిఫికెట్. అయిపోయింది.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ఒక కాగితం. అదీ తెలుగే.

"ఏం రాసుంది?" అన్నాడు దీపు.

"పచ్చళ్ళ యాడ్," అంది హాసిని.

రెండు నెలలు గడిచాయి. మళ్ళీ వర్క్‌షాప్ పెట్టాలని ఫీడ్‌బ్యాక్ అడిగారు. అందరూ 'ఎక్సలెంట్' కొట్టి పారేశారు. ఒక్కటే వేరుగా ఉంది, వచ్చీరాని ఇంగ్లీషులో.

'నన్ను కాపాడింది డాక్టర్ కాదు. నోటీసు బోర్డు. - భానుశ్రీ, ఫస్టియర్.'

హాసిని ఆ అమ్మాయిని క్యాంటీన్‌లో పట్టుకుంది. భానుశ్రీది నంద్యాల. కరోల్ బాగ్‌లో అద్దెగది.

"రొమ్ములో గడ్డ తగిలిందక్కా. క్యాన్సరే అనుకున్నా. ఇంట్లో చెప్తే చదువు మాన్పించి తీసుకపోతారు. నాకు హిందీ రాదు, ఇంగ్లీషులో అడగాలంటే సిగ్గు. తెలుగులోనే రాసి పెట్టెలో వేసినా."

హాసిని టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"డాక్టరు నా చీటీ చదవనే లేదు. ఏడ్చుకుంటా బయటికొస్తే బోర్డు మీద ఇది ఉండాది."

ఫోన్‌లో ఫొటో చూపించింది.

"చదివి వినిపించు," అంది హాసిని చిన్న గొంతుతో.

"'చీటీ రాసిన తల్లీ, బెంగ పెట్టుకోకు. నాకూ వచ్చింది. పన్నెండేళ్ళయింది, బతికే ఉన్నాను. రేపు ఎనిమిదింటికి మెట్రో మెట్ల దగ్గర ఆకుపచ్చ సంచీతో ఉంటాను. నీ పేరు అడగను.'"

పచ్చళ్ళ యాడ్!

"వెళ్ళావా?"

"పోయినా. సర్కారు ఆస్పత్రికి తీసుకపోయింది. ఏ కిటికీ దగ్గర నిలబడాల, ఏ గదిలో స్కానింగు, అన్నీ ఆమెకు తెలుసు. నర్సులైతే 'అమ్మా, కైసీ హో' అని లేచి వచ్చినారు. సూది పరీక్ష చేసినంతసేపూ నా చెయ్యి వదల్లేదు."

"మరి... రిజల్ట్?"

"మామూలు గడ్డేనంట! ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలంట." భానుశ్రీ నవ్వింది. "ఇప్పుడు ధైర్యంగా అమ్మకు కూడా చెప్పినా."

హాసిని ఇక దాచుకోలేకపోయింది.

"ఆ చీటీ పారేసింది నేనే. నాకు తెలుగు చదవడం రాదు."

భానుశ్రీ ఫోన్ పక్కన పెట్టింది.

"రాకపోతే నేర్చుకో అక్కా. యాభై ఆరు అక్షరాలేగా."

"నేర్చుకుంటా. ఆవిడ పేరేంటి?"

"తాయారమ్మ."

"ఈసారి ముఖ్య అతిథి ఆవిడే! నువ్వు చెప్తావా?"

"ముందే చెప్తే సిగ్గుపడి పారిపోతాది. ఆ రోజు ఎట్లాగూ ఇక్కడికే వస్తాది, పేరు పెట్టి పిలువు, చాలు. పలుకుతాది." గంట కొట్టారు. భానుశ్రీ క్లాసుకి పరుగెత్తింది.

హాసిని ఇంకేమీ అడగలేదు. నర్సులు లేచి వచ్చి పలకరించే మనిషి ఇంకెవరవుతారు? బ్యానర్ మీద ఇంగ్లీషులో కొట్టించింది: 'ముఖ్య అతిథి: డాక్టర్ తాయారమ్మ'.

ఆ రోజు రానే వచ్చింది. వేదిక మధ్యలో పెద్ద కుర్చీ వేయించింది హాసిని.

"దీదీ, కుర్సీ బాగా తుడువు. బడీ డాక్టర్ మేడమ్ ఆ రహీ హైఁ."

"అచ్ఛా బేటీ."

దీదీ కుర్చీని రెండుసార్లు తుడిచింది. చేతులు ఆనించే చోట తన కొంగుతో ఇంకోసారి తుడిచింది.

పదిన్నరయింది. పదకొండయింది. కుర్చీ ఖాళీగానే ఉంది.

"మేడమ్ ట్రాఫిక్‌లో ఉన్నారు," అని దీపు మైకులో అబద్ధం కొట్టాడు.

పదకొండుంపావుకి భానుశ్రీ ల్యాబ్ నుంచి రొప్పుతూ వచ్చింది.

"ఇంకా మొదలుపెట్టలేదా అక్కా?"

"మేడమ్ వస్తేగా!"

"రాలేదా? పేరు పెట్టి పిలిచినావా?"

"వస్తేనే కదా పిలిచేది?"

భానుశ్రీ హాలంతా కలయజూసింది. ఒక చోట చూపు ఆగింది. ఫక్కున నవ్వింది.

"ఏందక్కా నువ్వు!"

తిన్నగా తలుపు దగ్గరికి నడిచి, భుజాన ఆకుపచ్చ సంచీతో, గోడకి చీపురు ఆనించి అందరితో పాటు డాక్టరమ్మ కోసం ఎదురుచూస్తున్న దీదీ చేతిలోంచి తడిగుడ్డ లాక్కుని, "నీ కుర్చీ నువ్వే తుడుచుకున్నావా తాయారమ్మా?" అంది.