పాత గేటు ప్రస్తుతానికి ఉంటుంది

“ప్రస్తుతానికి అంటే ఎప్పటిదాకా?” అని టైలరమ్మ ఫోనులో అడగడం అది మూడోసారి.

“ప్రస్తుతానికి అంటే ప్రస్తుతానికేనండీ” అంది కంపెనీ అమ్మాయి. ఆ వెంటనే ఫోనులో పాట మొదలైంది.

టైలరమ్మ ఫోన్ మంచం మీదికి విసిరింది. ఒకప్పుడు కుట్టుమిషను ఉన్న చోట ఇప్పుడు కంప్యూటరు ఉంది. రెండేళ్ళ కిందట మిషనూ, వీధిలోని కొట్టూ అమ్మేసి ఆమె తెరలోపలి నగరంలో స్థలం కొనుక్కుంది. జనం కళ్ళకు పెద్ద అద్దాలు తగిలించుకుని, బొమ్మల రూపంలో షికారు చేసే నగరం అది. ఆ బొమ్మలకు ఈవిడ కోట్లూ గౌన్లూ గీసి అమ్ముతుంది. చేతులు బిగుతయ్యాయని తిరిగొచ్చి ప్రాణం తీసేవాళ్ళు లేరు. ఆ ఒక్క సుఖం కోసమైనా కొనొచ్చు అనుకుంది అప్పట్లో.

ఆ నగరంలో ఎవరికీ నడిచే ఓపిక ఉండదు. మీట నొక్కితే గేటు దగ్గర దిగుతారు, చుట్టుపక్కల నాలుగు కొట్లు చూసి వెళ్ళిపోతారు. గేటు పక్కన జానెడు జాగా కోసం కొట్టుకు చస్తారు, గేటు లేని వీధి మొహం చూసేవాడుండడు. నిరుడు సామాన్ల వీధిలో గేటు ఎత్తేస్తే నెల తిరక్కుండా ఆ వీధి పాడుపడిపోయింది. ఇప్పుడు ఆ నగరం నడిపే కంపెనీవాళ్ళు ఆ చివర, పిచ్చిమొక్క కూడా లేని బీడులో కొత్త గేటు తెరిచారు. ఆ కబురు బయటికి రాకముందే దాని చుట్టూ ఉన్న స్థలాలన్నీ పెద్దపెద్దవాళ్ళు కొనేసి కూర్చున్నారు. నగరంలో పాత గేటు పక్కనున్న టైలరమ్మ వీధిలోని ముప్పై కొట్లకూ వచ్చింది ఒక్క ఉత్తరం. పాత గేటు ప్రస్తుతానికి ఉంటుందట.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆ ఉత్తరం చదివి, ఎక్కేవాళ్ళు ఉన్నంతకాలం స్టాపు ఎవరూ ఎత్తెయ్యరనీ, గొడవ మానేసి కొట్టు తెరుచుకుని కూర్చోమనీ అన్నాడు.

“మీకు ఒంట్లో ఉన్నది రక్తమా, డీజిలా?” అంది టైలరమ్మ. “నోటి దగ్గర కూడు లాక్కుంటుంటే హారన్ కూడా కొట్టరు.”

ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ముప్పై కొట్లూ మూతపడ్డాయి. బొమ్మలకు చెప్పులమ్మే పెద్దాయన మొదట కాస్త నసిగాడు. అమ్మకాలు మానుకుంటే మనకే నష్టం కదమ్మా అన్నాడు. టైలరమ్మ ఆయన్ని కడిగిపారేసింది. తాడో పేడో తేలేదాకా తలుపు తీసినవాడు మనవాడు కాడని అందరిచేతా ఒట్టేయించింది. మర్నాడు పొద్దున పదింటికి అందరూ దాన్ని మూసెయ్యమంటూ కొత్త గేటు ముందు ధర్నాకు కూర్చున్నారు. పాత గేటు దగ్గర దిగితే అక్కడికి అరగంట నడక కాబట్టి నేరుగా కొత్త గేటులోనే దిగారు. దొంగ ఇంటికి దొడ్డిదారిన ఎందుకు పోవాలి అంది టైలరమ్మ.

కంపెనీ కాపలావాళ్ళు ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ నగరంలోంచి గెంటేశారు. గెంటించుకున్నవాళ్ళు రెప్పపాటులో మళ్ళీ అదే గేటులో దిగి, అదే చోట కూర్చున్నారు. టైలరమ్మను ఒక్క రోజులో నలభైసార్లు గెంటారు. నలభై ఒకటోసారి దిగి, గెంటినవాడి మొహం మీదే నవ్వింది. అన్నేళ్ళు సూదితో పొడిపించుకున్న వేళ్ళు ఇలాంటివాళ్ళకు భయపడతాయా అని ఆమె ధీమా.

ముప్పై మంది చాలరనిపించి, తన దగ్గర బట్టలు కొన్న ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాసింది. మా మీద అభిమానం ఉంటే మా వీధికి రాకండి, కొత్త గేటు దగ్గరికి రండి అని. వాళ్ళూ వచ్చారు. వాళ్ళ స్నేహితుల్నీ తీసుకొచ్చారు. వారం తిరిగేసరికి ఆ బీడులో కాలు పెట్టే సందు లేదు. స్థలాలు కొన్నవాళ్ళు ఒక్కడంటే ఒక్కడు కొట్టు తెరవలేకపోయాడు.

మూడు నెలలు గడిచాయి. అరిచి అరిచి టైలరమ్మ గొంతు పోయింది. ఇంట్లో రాబడి లేదు. భర్త రెండు డ్యూటీలు చేసి వచ్చి, తిని పడుకుంటున్నాడు. ఆ నిద్ర చూస్తే ఆమెకు ఇంకా ఒళ్ళు మండేది. కొత్త గేటు మూయించాకే ఈ మనిషికి జవాబు చెప్పాలనుకుంది.

చివరికి కంపెనీ నుంచి పిలుపొచ్చింది. గేట్ల సంగతి తేల్చేశారట, మాట్లాడదాం రమ్మన్నారు. చెప్పులాయన ఫోన్ చేసి, గెలిచామమ్మా, నీ వల్లే గెలిచామమ్మా అని ఏడ్చినంత పనిచేశాడు. టైలరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది.

మేనేజరమ్మ కుర్చీ చూపించి, కాఫీ తెప్పించింది. టైలరమ్మ కప్పు ముట్టుకోలేదు.

“రెండు గేట్లు నడపడం మావల్ల కాదండీ. ఒకటి మూసేస్తున్నాం” అంది మేనేజరమ్మ.

“ఏది?”

“అది మా చేతుల్లో లేదు. ఏ గేటులో ఎవరు ఎన్నిసార్లు దిగారో యంత్రం ఈ మూడు నెలలూ లెక్కపెట్టింది. ఎక్కువమంది దిగింది ఉంటుంది, రెండోది పోతుంది. ముందే చెబితే జనం కావాలని దిగుతారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.”

టైలరమ్మకు మూడు నెలల తర్వాత మొదటిసారి ప్రాణం కుదుటపడింది. కప్పు అందుకుని నింపాదిగా ఒక గుక్క తాగింది.

“అయితే ఇంక లెక్కెందుకమ్మా? అక్కడ ఒక్క కొట్టు తెరవనిచ్చామా మేము? ఏం కొందామని దిగుతారు ఆ బీడులో?”

మేనేజరమ్మ కొత్త గేటులో ఎక్కువసార్లు దిగినవాళ్ళ జాబితా తెరిచి కంప్యూటరును ఇటు తిప్పింది.

మొట్టమొదటి పేరు టైలరమ్మదే.