సుదర్శన్ సార్‌కు అర్థం కావాలి

"సమజ్ కాలే బిడ్డా," అంటూ సుదర్శన్ సార్ సింధు రాసిన కాగితాలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఇది మూడోసారి.

సింధుకు ఏడుపొక్కటే తక్కువ. హనుమకొండలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఆమెకు మూడు వారాలైంది. కంపెనీకి సొంత కంపైలర్ ఉంది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది అదే. ప్రోగ్రాం ఎంత వేగంగా నడవాలో చెప్పడానికి అందులో సున్నా నుంచి మూడు దాకా లెవెళ్లున్నాయి. అవి చాలవన్నట్టు, లూపుల్లాంటి పదే పదే నడిచే భాగాలను వేగంగా నడిపించడం వంటి పనులకు నలభై ఆప్షన్లు. ఏ లెవెల్లో ఏ ఆప్షన్ పనిచేస్తుందో వివరంగా రాయడం సింధు పని.

"శుక్రవారం లోపల సుదర్శన్ సార్‌కు సమజయ్యేటట్టు రాస్తే నీ జాబ్ పక్కా," అంది మేనేజర్ పద్మలత. రాయకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

సార్ ఆఫీసులో అందరికన్నా పెద్దవాడు, ఆయనకేమో ఓ పట్టాన అర్థం కాదు. పొద్దున్నే హసన్‌పర్తి నుంచి స్కూటర్ మీద వస్తాడు. కుర్చీ లాక్కుని సింధు పక్కన చేరతాడు. ఆప్షన్ల పేర్లు మాత్రం గడగడా చెబుతాడు.

"లూపుల ఆప్షన్ పెట్టిన బిడ్డా. స్పీడ్ జర గూడ పెరగలే."

"లెవెల్ ఎంత పెట్టిన్రు సార్?"

"సున్నా."

"మెయిన్ బంద్ జేసి ఫ్యాన్ స్విచ్ ఏస్తే తిరుగుతదా సార్?"

"అరె! గట్లనా!"

పెద్దాయన మొహం వెలిగిపోయింది. సింధు ఆ ఫ్యాన్ ముక్కను అలాగే కాగితం మీదికి ఎక్కించింది. మర్నాడు ఇంకో సందేహం.

"లెవెల్ రెండు పెట్టి, ఎనక మల్ల సున్నా పెడితే?"

"ఆఖర్న రాసిందే లెక్క సార్."

"మూడు పెట్టి, ఒక్క ఆప్షన్ వద్దంటే?"

"గదొక్కటే ఆగుతది. మిగిలినయి నడుస్తయి."

ఈయనకు చెప్పేలోపు నాకు జుట్టు నెరుస్తుంది అనుకుంది సింధు. అయినా ప్రతి ముక్కా ముందు తాను నడిపి చూసి, తర్వాతే రాసింది.

శుక్రవారం సార్ కళ్లద్దాలు తుడుచుకుని చివరి పేజీ దాకా చదివాడు. నాలుగు ప్రోగ్రాములు నడిపి చూశాడు.

"సమజైంది బిడ్డా! మస్తు రాసినవ్!"

పద్మలత అపాయింట్‌మెంట్ లెటర్ చేతిలో పెట్టింది. సింధుకు ప్రాణం లేచి వచ్చింది. దాంతోపాటు నోరూ లేచింది.

"ఈ కంపైలర్ రాసినాయన్నే అడిగుంటే ఒక్క పూటల అయిపోతుండె గద మేడం?"

"అడిగినం, ఏడేండ్ల కింద రాసిన, ఒక్క ముక్క యాదికి లేదన్నరు, గందుకే గద సుదర్శన్ సార్ తను రాసిందే మూడు వారాల సంది నీ పక్కన కూసోని నేర్చుకుంటున్నరు!" అంది పద్మలత.